పప్పా? కప్పా? తప్పా?

చాలా రోజుల తర్వాత రాస్తున్నాం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, కాఫీ కలుపుకుని కూర్చోండి.

"రాస్తున్నాం" అన్నది గొప్ప కోసం కాదు. నిజంగానే అయిదుగురం కూర్చుని రాస్తున్నాం. ఒకరు చెప్తుంటే ఒకరు ఫోన్లో కొడుతున్నారు. మూడోవాడు తప్పులు దిద్దుతున్నాడు. నాలుగోవాడు "అది రాయొద్దురా, బాగోదు" అంటున్నాడు. అయిదోవాడి గురించే ఈ కథంతా. వాణ్ణి అడిగే రాస్తున్నాం. "పేరు వెయ్యకండి, మిగిలిందంతా వేసుకోండి" అన్నాడు. అందుకని ఎవరి పేర్లూ లేకుండా, మేం ఎప్పుడూ పిలుచుకునే పేటల పేర్లతోనే చెప్తాం: పెరంబూరు, మాంబళం, మైలాపూరు, చూళై, అంబత్తూరు.

మా అయిదుగురిదీ ఒకే బడి. ఉత్తర మద్రాసులో తెలుగు మీడియం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరు పడినప్పుడు మా నాన్నలెవరూ పెట్టెలు సర్దుకోలేదు. కొట్టున్నవాళ్లకి కొట్టు ఇక్కడే, ఉద్యోగమున్నవాళ్లకి ఉద్యోగం ఇక్కడే. మేమూ ఇక్కడే పెరిగాం, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నాం, ఇక్కడే రిటైరయ్యాం. ఇంటి బయట తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇప్పుడు మనవల పుణ్యమా అని ఇంట్లో కూడా సగం తమిళం, సగం ఇంగ్లీషు. తెలుగు మాత్రం కడుపునిండా మాట్లాడేది ఆదివారం పొద్దున టిఫిను దగ్గరే.

ఈ టిఫిను పాతికేళ్ల పైబడిన ఆచారం. ప్రతి ఆదివారం ఏడున్నరకి ఒక హోటల్లో కలుస్తాం. నెయ్యి పొంగలి ఒకరికి, రవ్వ దోసె ఒకరికి, ఇడ్లీ మీద సాంబారు గిన్నె బోర్లించుకునేవాడు ఒకడు. నియమాలు రెండే. కాఫీ వచ్చేదాకా ఎవరూ షుగరు లెక్కలు చెప్పకూడదు. బిల్లు ఎవరు కట్టాలన్న గొడవ అయిదు నిమిషాలు మించకూడదు.

ఆ టిఫిను దగ్గరే పెరంబూరు మారడం మొదలైంది.

వాడు ఐసీఎఫ్ మనిషి. పెరంబూరులో రైలు పెట్టెల ఫ్యాక్టరీ 1955 అక్టోబరు 2న మొదలైంది. వాడూ ఆ ఏడాదే పుట్టాడు. 1977లో చేరి 2015లో రిటైరయ్యాడు. ముప్పై ఎనిమిదేళ్లూ షెల్ విభాగంలోనే, అంటే పెట్టె పై గుల్ల తయారయ్యే చోట. రేకులు వంచడం, వెల్డింగు, సుత్తి దెబ్బలు. "మా షాపులో మాట్లాడుకోవడం లేదురా, సైగలే" అనేవాడు. మొదటి ఏళ్లలో చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లట. దూది చెమట పీలుస్తుందే గానీ అంత చప్పుడుని ఆపలేదు.

మేం గమనించిన మొదటి గుర్తు నవ్వు. మాలో ఎవరైనా జోకు వేస్తే అందరం ఒక్కసారి నవ్వుతాం, వాడు అర క్షణం ఆలస్యంగా నవ్వేవాడు. జోకుకి కాదు, మా మొహాలు చూసి.

తర్వాత జవాబులు మారాయి. చూళై ఒక ఆదివారం సంతోషంగా "ఒరేయ్, మా కోడలికి వచ్చే శుక్రవారం సీమంతం" అన్నాడు. పెరంబూరు తల పంకించి "ఎన్ని బస్తాలు?" అన్నాడు. వాడికి సిమెంటు అని వినిపించింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే "ఏం కొరుకుతున్నావు?" అని అడిగాడన్న సామెత ఉంది కదా, అచ్చం అలాగే. అందరం నవ్వాం, సంగతి తెలిశాక వాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఇప్పటికీ చూళై మనవడి ముద్దుపేరు అల్ట్రాటెక్.

ఆ తర్వాత వాడు రావడం తగ్గించాడు. ఒక వారం మోకాలు నొప్పి, ఒక వారం ఇంటికి చుట్టాలు, ఒక వారం వాన. వాన లేని ఆదివారం కూడా వాన. నాలుగు నెలల్లో రెండే సార్లు వచ్చాడు. ఫోను చేస్తే వాళ్లావిడ ఎత్తి "పడుకున్నారన్నయ్యా" అనేది.

ఈలోగా వాళ్లబ్బాయి ఆన్‌లైన్‌లో చెవిలో పెట్టుకునే యంత్రం ఒకటి తెప్పించాడు. వెయ్యి రూపాయల చిల్లర. పెట్టుకుని ఒక ఆదివారం వచ్చాడు. అంబత్తూరు ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కోగానే పెరంబూరు చెవిలోంచి కుయ్యిమని ఈల! సప్లయరు తంబి ఉలిక్కిపడి నీళ్ల గ్లాసు వదిలేశాడు. రిచీ స్ట్రీటులో ముప్పై ఏళ్లు రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసినవాడు అంబత్తూరు. దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "ఇది వినికిడి యంత్రం కాదురా, ఉత్త ఆంప్లిఫయరు. స్పీకరు చప్పుడు బయటికి కారి మళ్లీ మైకులోకి పోతోంది, అందుకే ఈల. పెళ్లి పందిట్లో మైకు కూసినట్టు. పైగా ఇది అన్నిటినీ ఒకేలా పెంచుతుంది. నీకు మా మాటా పెద్దదే, పళ్లేల చప్పుడూ పెద్దదే." ఆ రోజు నుంచి ఆ యంత్రం వాళ్లింటి సొరుగులో పాత కళ్లజోళ్ల పక్కన చేరింది.

రెండో ప్రయోగం అంబత్తూరుదే. ఈమధ్య ఫోన్లలో మనం మాట్లాడింది అక్షరాల్లో పడే సదుపాయం వచ్చింది కదా, తెలుగులో కూడా. ఫోనుని సాంబారు గిన్నెకి ఆనించి నిలబెట్టాడు. మేం మాట్లాడితే పెరంబూరు చదువుకోవాలి. అయిదు నిమిషాలు అద్భుతంగా నడిచింది. తర్వాత మాంబళం గోంగూర పచ్చడి గురించి మొదలెట్టాడు. ఫోన్లో "గంగారాం పిచ్చోడు" అని పడింది. పక్క బల్ల దగ్గర తమిళంలో "రెండు వడై, ఒరు కాపీ" అంటే అది కూడా మా సంభాషణలో కలిపేసి "రెండు వాడి ఒర కాపీ" అని రాసింది. మద్రాసు తెలుగులో ప్రతి మూడో మాటా తమిళం, నాలుగోది ఇంగ్లీషు. ఆ యంత్రం పాపం ఏం చేస్తుంది? పెరంబూరు చదివి చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టి "టిఫిను తినడానికొచ్చానా, ప్రూఫులు దిద్దడానికొచ్చానా?" అన్నాడు. ఒక్కటి మాత్రం చెప్పాలి. నెమ్మదైన గదిలో, ఒక్కరే, ఫోను దగ్గరగా పెట్టుకుని మాట్లాడితే అది బాగానే రాస్తుంది. డాక్టరు దగ్గర, బ్యాంకులో పనికొస్తుంది. నలుగురు కూర్చున్న హోటలు బల్ల దానికి చాలా ఎక్కువ.

అప్పుడు నలుగురం కలిసి వాళ్లింటికి వెళ్లాం. చెప్పకుండా, సాయంత్రం పూట, మిక్చరు పొట్లంతో. టీవీ వీధి చివరిదాకా వినిపిస్తోంది. వాళ్లావిడ వంటింట్లోకి పిలిచి చెప్పింది. "ఇంట్లో మాట్లాడటం మానేశారన్నయ్యా. పిల్లలు ఏదైనా అంటే ఊఁ అంటారు. మనవరాలు తమిళంలో గబగబా చెప్తే అసలు అందదు. అది రెండుసార్లు చెప్పి, మూడోసారి 'ఒణ్ణుమిల్లై తాతా' అని వెళ్లిపోతుంది."

ఒణ్ణుమిల్లై. ఏం లేదులే. వినపడనివాళ్లు ఇంట్లో రోజూ వినే మాట బహుశా ఇదే. అది మాత్రం ఎలాగో వినపడుతుంది.

పెరంబూరుని కూర్చోబెట్టి గట్టిగా అడిగాం, ఎందుకు రావట్లేదని. చాలాసేపటికి చెప్పాడు. "మీరు నవ్వుతుంటే దేనికో తెలీదు. నా మీదేమో అనిపిస్తుంది. కాదని తెలుసు. తెలిసినా అనిపిస్తుంది. ఇంట్లో ఉంటే ఆ బాధ లేదు."

డెబ్బై ఏళ్ల మనిషి, బడిలో మా అందరికీ లెక్కలు చూపించినవాడు, ఆ మాట అంటే మాకు మిక్చరు గొంతు దిగలేదు. మర్నాడే ఆడియాలజిస్టు దగ్గర టైము తీసుకున్నాం. అయిదుగురం ఒకే ఆటోలో పట్టక రెండు ఆటోల్లో వెళ్లాం.

అక్కడ జరిగింది వివరంగా చెప్పాలి. మనలో చాలామందికి కళ్ల పరీక్ష తెలుసు, చెవుల పరీక్ష తెలీదు.

చప్పుడు దూరని చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెడతారు. సన్నటి కూత వినిపించగానే బొత్తాం నొక్కాలి. 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా, అంటే మృదంగం ఎడమవైపు మోత నుంచి ఉడత కిచకిచ దాకా అనుకోండి, ఒక్కో స్థాయిలో ఎంత చిన్న చప్పుడు వినగలమో చూస్తారు. గ్రాఫు గీస్తారు. గీత కిందికి దిగిన కొద్దీ వినికిడి తగ్గినట్టు. పెరంబూరు గీత ఎడమవైపు పరవాలేదు, 30 డెసిబెళ్ల దగ్గర ఉంది. కుడివైపుకి పోయేకొద్దీ మెట్లు దిగినట్టు దిగి 4000 హెర్ట్జ్ దగ్గర 70లో పడింది. ఆ పిల్ల, పాతికేళ్లుంటాయేమో, గీత చూసి "అంకుల్ ఫ్యాక్టరీలో చేశారా?" అని అడిగింది. జాతకం చెప్పినట్టు. పెద్ద చప్పుడు వల్ల తగిలే దెబ్బ సాధారణంగా ముందు ఆ 4000 చుట్టుపక్కలే కనిపిస్తుందట. 85 డెసిబెళ్లు దాటిన చప్పుడులో రోజుకి ఎనిమిది గంటలు, ఏళ్ల తరబడి ఉంటే లోపలి చెవిలోని సన్నటి కణాలు చచ్చిపోతాయి. అవి మళ్లీ మొలవవు. దానికి వయసు తోడైంది.

ఇంకో మాట చెప్పింది, అది విన్నాక మాకు సగం కథ అర్థమైంది. మాటలో అచ్చులకి బలం ఎక్కువ, అవి ఎక్కువగా కింది స్థాయిల్లో ఉంటాయి. క, త, ప, స లాంటి హల్లుల మధ్య తేడా చెప్పే భాగం పై స్థాయిల్లో, చాలా సన్నగా ఉంటుంది. పై స్థాయి పోయినవాళ్లకి మాట వినపడుతుంది గానీ ఏ మాటో తెలీదు. పప్పు, కప్పు, తప్పు అన్నీ ఒకటే. అందుకే వాళ్లు "అరవకండి, వినపడుతోంది" అంటారు, ఆ వెంటనే "ఏమన్నారు?" అంటారు. రెండూ నిజమే.

తర్వాత మాటల పరీక్ష. ఆమె పాతిక మాటలు చదువుతుంది, విన్నది విన్నట్టు చెప్పాలి. ఆమె దగ్గరున్న జాబితా తమిళంలో. పెరంబూరుకి తమిళం నీళ్లు తాగినంత సులువు. ఐసీఎఫ్ యూనియను మీటింగుల్లో తమిళంలో ఉపన్యాసాలిచ్చినవాడు. అయినా పాతికలో పదకొండే సరిగ్గా చెప్పాడు. బయటికొచ్చి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు, లెక్కల్లో తప్పిన పిల్లాడిలా.

మైలాపూరు, రిటైరైన తెలుగు పంతులు, ఊరుకోలేదు. "అమ్మా, తెలుగు జాబితా ఉందా?" అన్నాడు. తమ దగ్గర లేదంది. "నేను రాసిస్తే పెడతావా?" అన్నాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి "ఇది రిపోర్టులో రాయలేను సార్. మాకూ తెలుసుకోవాలనే ఉంది, చదవండి" అంది. కానీ ఒక షరతు. నోటికి కాగితం అడ్డం పెట్టుకోవాలి, లేకపోతే పెదాలు చూసి చెప్పేస్తారు.

మందుల చీటీ వెనకాల మైలాపూరు పాతిక మాటలు రాశాడు. టిఫిను టైమయింది కాబట్టి అన్నీ తిండి మాటలే. అట్టు. గారె. పూరీ. చారు. పప్పు. జున్ను. అరిసె. బెల్లం. పెరుగు. మీగడ. ఆవకాయ. అలా. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, క్లాసులో డిక్టేషను చెప్పినట్టు ఒక్కో మాటా చదివాడు. అద్దం అవతల హెడ్‌ఫోనుతో పెరంబూరు. పప్పుని తప్పన్నాడు. చారుని కారన్నాడు. పూరీని కూలీ అన్నాడు. జున్ను రాగానే మాత్రం కళ్లు మూసుకుని "జున్ను. మిరియాలేసి" అన్నాడు. మిరియాల సంగతి జాబితాలో లేదు. పాతికలో పదిహేడు!

మేం చప్పట్లు కొడితే పక్క గదిలోంచి డాక్టరుగారు తొంగి చూశారు.

ఆ పిల్ల నవ్వుతూనే జాగ్రత్తగా చెప్పింది. "ఇది పరీక్ష కాదు. అన్నీ తిండి మాటలే కాబట్టి ఊహించడం సులువు. పైగా స్నేహితుడి గొంతు. కానీ ఒకటి నిజం సార్. చెవి సరిగ్గా అందించనప్పుడు మిగతాది బుర్ర పూరించుకుంటుంది. బాగా తెలిసిన భాషలో, బాగా తెలిసిన గొంతుతో అయితే ఆ పని బాగా చేస్తుంది. మీరందరూ వారం వారం కలుస్తారా?" కలిసేవాళ్లం అన్నాం. "అయితే మళ్లీ కలవండి. యంత్రం నేనిస్తాను. వాడకం మీ దగ్గరే రావాలి."

ఈ పొడుగాటి రాతలో మేం చెప్పాలనుకున్నది ఆ పిల్ల రెండు వాక్యాల్లో చెప్పేసింది. యంత్రం మాటని చెవిదాకా తెస్తుంది. చెవి నుంచి లోపలికి తీసుకెళ్లేది అలవాటు, మనుషులు. వినపడటం లేదని మనుషులకి దూరమైతే ఆ అలవాటూ పోతుంది, తర్వాత యంత్రం ఉన్నా పెద్దగా లాభం ఉండదు. లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం 2024లో మతిమరుపు జబ్బుకి మనం తగ్గించుకోగల 14 కారణాలు చెబితే, వాటిలో వినికిడి లోపం ఒకటి, ఒంటరితనం ఇంకొకటి. మొదటిది రెండోదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది.

ఇక యంత్రం కొనడం. బ్యాంకు మనిషి కాబట్టి మాంబళానికి అప్పగించాం. జత ఇరవై ముప్పై వేల నుంచి లక్షల దాకా ఉన్నాయి. కొనేముందు కొన్ని రోజులు ఇంట్లో పెట్టుకుని చూడటానికి ఇస్తారా, తర్వాత సర్దుబాట్లకి మళ్లీ డబ్బు తీసుకుంటారా, ఇవి రెండూ అడగాలని మాంబళం సలహా. ధర కంటే ఇవే ముఖ్యమంటాడు. ఎందుకంటే మంచి యంత్రం మన గ్రాఫుని బట్టి ఎక్కడ తగ్గిందో అక్కడే పెంచేలా సర్దాలి. ఒక్కసారితో అది కుదరదు. పెరంబూరు చెవి లోపల దాగిపోయేది కావాలన్నాడు. ఆ పిల్ల వాడి వేళ్లు, మద్రాసు చెమట, గీత పడిన తీరు చూసి చెవి వెనక పెట్టుకునేదే మంచిదంది. "దాచడానికేముంది అంకుల్, కళ్లజోడు దాస్తున్నారా?" అంది. ఒప్పుకున్నాడు.

దాని బ్యాటరీ కందిగింజంత ఉంటుంది. 312 సైజు, గోధుమరంగు స్టిక్కరు. ఆ స్టిక్కరు పీకగానే లోపలికి గాలి చేరి పని మొదలవుతుంది. కాబట్టి పీకి ఒక నిమిషం ఆగి మూత వేయాలి. స్టిక్కరు తిరిగి అంటించి దాచుకుందామంటే కుదరదు. వాడకాన్ని బట్టి వారం చిల్లర వస్తుంది. రాత్రి యంత్రాన్ని మూత తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి. మన ఊరి గాలికి ఇది తప్పనిసరి. అప్పడాల డబ్బా పక్కనే ఆ డబ్బా కూడా పెట్టారు వాళ్లింట్లో. రెండూ మెత్తబడకూడనివే.

మొదటి వారం నరకం. పేపరు తిప్పితే పిడుగు. కుక్కరు కూస్తే కుర్చీలోంచి లేచేవాడు. సొంత చెప్పుల చప్పుడుకి వెనక్కి తిరిగి ఎవరొస్తున్నారని చూశాడట. కానీ ఒకరోజు ఉదయం ఫోను చేసి, వాడే ఫోను చేసి, "ఒరేయ్, ఉడతలు అరుస్తాయిరా!" అన్నాడు. గేటు కిర్రుమంటోందని నూనె వేశాడట. అది ఎన్నేళ్లుగా కిర్రుమంటోందో వాళ్లావిడకే తెలుసు.

యంత్రం పెట్టుకుని మొదటిసారి బయట తిండికి బయల్దేరింది ఒక శనివారం సాయంత్రం. ఏం తింటావంటే కొత్తు పరోటా అన్నాడు. వయసు గుర్తుచేశాం, వినలేదు. ఈసారి చెవుల దోషం కాదు. తమిళనాట కొత్తు పరోటా కంటే చప్పుడు చేసే తిండి ఇంకోటి లేదని మీకు తెలుసు. పెనం మీద పరోటా ముక్కలు, గుడ్డు, సేర్వా వేసి రెండు ఇనప రేకులతో టకటక టకటక కొడతారు, వీధి మలుపు నుంచే తాళం తెలిసిపోతుంది. బండి దగ్గరికి వెళ్లగానే పెరంబూరు రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని "ఇది మా షెల్ షాపురా!" అని అరిచాడు. ఫోన్లో యంత్రం చప్పుడు తగ్గించే మీట వెతికేలోపు ఇంకో ప్లేటు ఆర్డరు వచ్చింది. పరుగో పరుగు.

అక్కణ్ణుంచి రైలెక్కి బీచ్ స్టేషను దగ్గర దిగాం. బర్మా బజారు వైపు అతో బండ్లు. 1960ల్లో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు తెచ్చిన తిండి అది. మాంబళం వాళ్ల తాతగారు కూడా రంగూన్ వెళ్లొచ్చినవారే, అప్పట్లో ఆ ఊళ్లో తెలుగువాళ్లు బాగా ఉండేవారు. అతోలో పెనం లేదు, రేకులు లేవు. నూడుల్సు, తరిగిన కోసుకూర, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు, ఎండుమిరప కారం, అంతా చేత్తోనే కలుపుతారు. చప్పుడే లేని తిండి. పక్కన అరటిదూట సూపు. రోడ్డుకి కాస్త లోపలగా, గోడ పక్కన నిలబడి తిన్నాం.

అక్కడ పెరంబూరు మాట్లాడటం మొదలెట్టాడు. నాలుగు నెలల మాటలు. యూనియను కథలు, మనవరాలి డాన్సు, బడిలో మైలాపూరు కాపీ కొట్టి దొరికిపోయిన సంగతి. చూళై ఏదో అన్నాడు. మా నలుగురికంటే ముందు పెరంబూరు నవ్వాడు. ముందు! మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. మాంబళం ఇంకో సూపు చెప్పాడు.

అయితే యంత్రం పెట్టుకోగానే అంతా బాగైపోతుందని మాత్రం అనుకోకండి. హోటలు హాలు ఇప్పటికీ కష్టమే. అందుకని మేమే కొన్ని మార్చుకున్నాం. ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాం.

ఏడున్నరకి బదులు ఆరుముప్పావుకే వెళ్తున్నాం, అప్పుడు జనం ఉండరు. మూల బల్ల తీసుకుంటాం. వంటింటి వైపు పెరంబూరు వీపు ఉండేలా, మా మొహాలు వాడికి ఎదురుగా ఉండేలా కూర్చుంటాం. వాడి యంత్రం ముందునుంచి వచ్చే మాటని ఎక్కువగా పట్టుకుంటుంది, వెనకాల చప్పుడుని తగ్గిస్తుంది.

ముందు పేరు పెట్టి పిలిచి, వాడు మన వైపు చూశాకే సంగతి చెప్తాం. నోట్లో దోసె పెట్టుకుని మాట్లాడం. అరవం. అరిస్తే అచ్చులు పెరుగుతాయి, హల్లులు అలాగే ఉంటాయి, పైగా తిట్టినట్టుంటుంది.

అర్థం కాకపోతే అదే మాట మూడుసార్లు అనకుండా మార్చి చెప్తాం. "పప్పు కావాలా?" అందకపోతే "ముద్దపప్పు, నెయ్యేసి, వడ్డించమంటావా?" అంటాం. మాట పొడుగైతే ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. సంగతి మారితే "ఇప్పుడు క్రికెట్టురా" అని చెప్పి మారుస్తాం.

అన్నిటికంటే ముఖ్యమైనది, "ఏం లేదులే" అనకూడదు. ఎంత చిన్న సంగతైనా సరే మళ్లీ చెప్పాలి. మా బల్ల మీద ఆ మాట అన్నవాడు అందరికీ కాఫీ ఇప్పించాలని కొత్త నియమం పెట్టాం. పెరంబూరు మనవరాలికి కూడా ఈ నియమం నచ్చింది. ఇప్పుడది తాతకి ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, వచ్చీరాని తెలుగులో చెప్తోంది. తమిళంలో కంటే తెలుగులో తాతకి తొందరగా అర్థమవుతోందని దానంతటదే కనిపెట్టింది. మేం ఎన్నేళ్లు చెప్పినా నేర్చుకోని తెలుగు, తాత చెవి కోసం నేర్చుకుంటోంది.

మన సంఘం పెద్దలకి ఒక మనవి. ఉగాది సభకి వచ్చేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లే. హాలంతా ప్రతిధ్వని, ఉపన్యాసం వెనకాల సన్నాయి సంగీతం, మైకుకి రెండడుగుల దూరంలో వక్త. ముందు రెండు వరసలూ వినికిడి తగ్గినవాళ్లకి వదిలేయండి. మాట్లాడేటప్పుడు సంగీతం ఆపండి. మైకు నోటి దగ్గర పెట్టుకోమని వక్తలకి చెప్పండి. భోజనాల దగ్గర ఒక చిన్న గది నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకునేవాళ్లకి కేటాయించండి. దీనికి చందా కూడా అక్కర్లేదు.

మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. అప్పటిదాకా ఆగక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరైనా అర క్షణం ఆలస్యంగా నవ్వుతుంటే, టీవీ చప్పుడు పెంచుతుంటే, మెల్లగా పెళ్లిళ్లకీ పేరంటాలకీ రావడం మానేస్తుంటే పరీక్ష చేయించండి. ఒక్కళ్లనే పంపకండి, వెంట వెళ్లండి. ఆ క్లినిక్కులో తెలుగు జాబితా లేకపోతే మాకు చెప్పండి. మైలాపూరు ఇప్పుడు పాతిక కాదు, వంద మాటలు రాసి పెట్టుకున్నాడు. ఈసారి కూరగాయలు, చుట్టరికాలు, ఊళ్ల పేర్లు కూడా చేర్చాడు. తిండి మాటలు మాత్రం తగ్గించలేదు.

ఇంతా రాశాక పెరంబూరుకి చదివి వినిపించాం. చివరిదాకా విని, "అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటే కప్పు" అన్నాడు. మేం ఖంగారు పడ్డాం. వాడు కాఫీ కప్పు చూపించి, ఖాళీ అయిందన్నాడు.